ఎండాకాలంలో టర్బో కారు వేడెక్కితే ముందు బంపర్ విప్పించు

అన్నా అని రాశావు కాబట్టి నేనూ నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోవద్దు తమ్ముడూ. నువ్వు రాసిందాంట్లో నాకు అర్థమైంది ఇదీ. బెంగళూరు నుంచి సెకండ్‌హ్యాండ్‌లో రెండు సీట్ల టర్బో పెట్రోల్ కారు తెచ్చుకున్నావు. 2014 మోడల్, 60 వేల కిలోమీటర్లు దాటింది. అక్కడ ఉన్నన్నాళ్లూ ఒక్క ఇబ్బంది లేదు. నెల్లూరుకి వచ్చాక ఇదే మొదటి ఎండాకాలం. మే నెల మధ్యాహ్నం ఒంగోలు పోతూ టంగుటూరు టోల్ గేటు దగ్గర క్యూలో ఇరుక్కుంటే టెంపరేచర్ ముల్లు లేచి ఎర్ర లైటు వెలిగింది. గేటు దాటి 80లో పోతే ముల్లు తనంతట తనే దిగింది. దగ్గర్లో ఒక మెకానిక్ థర్మోస్టాట్ (ఇంజన్ వేడిని బట్టి కూలెంట్‌ని రేడియేటర్ వైపు వదిలే వాల్వు) పీకేసి, తగ్గిన కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసి పంపాడు. ఇప్పుడు పెద్ద అల్యూమినియం రేడియేటర్ వేయించాలా, బానెట్‌కి గాలి రంధ్రాలు కొట్టించాలా, లేక వానలు పడేదాకా కవర్ కప్పి ఇంట్లో పెట్టుకోవాలా అని అడుగుతున్నావు.

మూడూ వద్దు. కంపెనీ ఇచ్చిన రేడియేటరే నెల్లూరు ఎండకి సరిపోతుంది. కార్ల కంపెనీలు కొత్త మోడల్‌ని అమ్మకానికి పెట్టేముందు డెత్ వ్యాలీ లాంటి ఎడారుల్లో, ఏసీ వేసి, ఎత్తులు ఎక్కించి చూసుకుంటాయి. నీ బండికి పదేళ్లలో ఆ కూలింగ్‌లోంచి ఎక్కడో కొంత పోయింది. బెంగళూరులో ఆ లోటు కనపడలేదు, ఇక్కడ కనపడింది. పోయిందేదో వెతికి వెనక్కి తెచ్చుకో. కొత్తగా ఏమీ తగిలించక్కర్లేదు.

నేనెవరో చెప్పకుండా ఇంత గట్టిగా మాట్లాడితే బాగోదు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో, శ్రీపెరుంబుదూరు పక్కన, పిట్‌లో పానాలు అందించే కుర్రాడిగా మొదలుపెట్టాను. ఆరేడేళ్లు అక్కడే. ఆ తర్వాత నెల్లూరులో సొంత షెడ్డు. ఇప్పుడు చేతికి మసి తక్కువ, నోటికి పని ఎక్కువ.

ముందు బెంగళూరుకీ నెల్లూరుకీ తేడా ఏంటో చూడు. పెట్రోల్‌లో ఉన్న శక్తిలో రమారమి మూడో వంతే చక్రాలు తిప్పడానికి పనికొస్తుంది. ఇంకో మూడో వంతు సైలెన్సర్‌లోంచి పోతుంది. మిగతాది కూలెంట్ మోసుకెళ్లి రేడియేటర్ దగ్గర గాలికి వదలాలి. అది ఎంత వదలగలదనేది కూలెంట్ వేడికీ బయటి గాలి వేడికీ మధ్య ఉన్న తేడాని బట్టి ఉంటుంది. కూలెంట్ 98 డిగ్రీలు అనుకో. బెంగళూరులో గాలి 33 అయితే తేడా 65. మన దగ్గర కృత్తిక కార్తె చివర్లో, రోహిణిలో 44 కొడుతుంది. అది నీడలో కొలిచిన లెక్క. టోల్ గేటు దగ్గర మరిగే తారు రోడ్డు మీద, ముందున్న లారీ వదిలే పొగలో, బంపర్ ఎత్తులో గాలి 53 ఉన్నా ఆశ్చర్యం లేదు. తేడా 45కి పడిపోయింది. అంటే అదే రేడియేటర్, అదే ఫ్యాన్ చేసే పనిలో దాదాపు మూడో వంతు పోయినట్టే. దానికితోడు ఏసీ కండెన్సర్ రేడియేటర్‌కి ముందు కూర్చుని ఉంటుంది. క్యాబిన్‌లో లాగిన వేడంతా అక్కడ వదిలాకే ఆ గాలి రేడియేటర్‌ని తాకుతుంది. పడమటి గాలి గట్టిగా వీచిన రోజున సముద్రపు గాలి సాయంత్రం దాకా తిరగదు. ఆ రోజుల్లో మనుషులకే ఊపిరాడదు.

మంచి స్థితిలో ఉన్న బండి ఆ మూడో వంతు దెబ్బకి తట్టుకుంటుంది. అంతకుముందే ఇంకో మూడో వంతు పోగొట్టుకున్న బండి తట్టుకోలేదు.

ఇక నీ బండి లక్షణాలు. నిలబడితే వేడెక్కి, పరుగెత్తితే చల్లబడుతోంది. నువ్వు రాసిన మొత్తంలో నాకు పనికొచ్చిన మాట అదొక్కటే, అది రాసినందుకు సంతోషం. చాలామంది "బండి హీట్ అవుతోంది" అని మాత్రమే రాస్తారు. నిలబడ్డప్పుడు వేడెక్కితే గాలి ఆడటం లేదని అర్థం, మొదటి అనుమానం ఫ్యాన్ మీద పెట్టాలి. హైవే మీద 90, 100లో పోతున్నప్పుడు వేడెక్కి, ఆపితే దిగుతుంటే నీళ్ల ప్రవాహం మీద అనుమానం: రేడియేటర్ గొట్టాలు లోపల పూడుకుపోవడం, వాటర్ పంప్ రెక్కలు అరిగిపోవడం లాంటివి. ఎలా నడిపినా వేడెక్కుతుంటే కూలెంట్ తగ్గిందా, థర్మోస్టాట్ మూసుకుపోయిందా, హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాక్‌కీ పైనుండే హెడ్‌కీ మధ్య ఉండే పట్టీ) పోయిందా అని చూడాలి. నీది మొదటి రకం. నీకు పీకేసిన థర్మోస్టాట్‌కీ నీ జబ్బుకీ సంబంధమే లేదు. అది మూసుకుపోయి ఉంటే 80లో పోయినా ముల్లు దిగేది కాదు.

ఫ్యాన్ తిరుగుతోందని నువ్వు రాశావు. తిరుగుతుంది, కానీ ఎంత స్పీడుతో? ఇలాంటి కార్లలో ఫ్యాన్‌కి కనీసం రెండు స్పీడులుంటాయి. చాలా బండ్లలో తక్కువ స్పీడు బాగానే ఉండి, పెద్ద స్పీడుకి సంబంధించిన రిలేనో, కంట్రోల్ మాడ్యూలో పోయి ఉంటుంది. బెంగళూరు ట్రాఫిక్‌కి చిన్న స్పీడు సరిపోయింది. కొన్నిటికి రెండు ఫ్యాన్లు, అందులో ఒకటి చచ్చిపోయి ఇంకోటి తిరుగుతుంటుంది. పైనుంచి చూస్తే గాలి చప్పుడు వినిపిస్తుంది, అంతా బాగుందనుకుంటాం. స్కానర్ ఉన్న మెకానిక్ దగ్గరికి పోయి ఫ్యాన్‌ని స్కానర్‌తోనే పూర్తి స్పీడుకి తిప్పించి చూడు. పూర్తి స్పీడులో ఫ్యాన్ విమానం లేచినట్టు మోగాలి, పక్కన నిలబడి మాట్లాడుకోలేకపోవాలి. ఎప్పుడైనా ఫ్యాన్ మోటార్ మార్చి ఉంటే వైర్లు తిరగేసి బిగించారేమో కూడా చూడు. నవ్వకు, గాలిని లోపలికి లాగకుండా ముందుకి తోసే ఫ్యాన్‌ని నేను రెండుసార్లు చూశాను.

స్కానర్ దొరక్కపోతే ట్రాక్ దగ్గర ఒక పెద్ద మేస్త్రీ నేర్పిన పరీక్ష ఉంది. ఇంజన్ వేడెక్కాక ఏసీ వేసి, బండి ఆపి, న్యూస్‌పేపర్‌లో ఒక షీటు తీసుకుని ముందు గ్రిల్‌కి ఆనించి చెయ్యి వదిలెయ్యి. గాలి లోపలికి బాగా లాగుతుంటే కాగితం గ్రిల్‌కి అంటుకుని ఉండిపోతుంది. అక్కడక్కడా మార్చి చూడు, ఎడమ పక్క, కుడి పక్క, కింద. ఒక చోట అంటుకుని ఇంకో చోట జారిపోతే ఆ జారిన చోట వెనకాల ఏదో అడ్డం ఉన్నట్టు. ఫ్యాన్ మోత ఘనంగా ఉండి కూడా కాగితం ఎక్కడా నిలవకపోతే బంపర్ విప్పించాల్సిందే.

బంపర్ మాట వచ్చింది కాబట్టి కాసేపు ఇక్కడ ఆగుతాను. నా అంచనా ప్రకారం నీ జబ్బులో సగం ఇక్కడే ఉంది. టర్బో కారు ముందు భాగంలో మూడు జల్లెడలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి: ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి ఇంజన్‌లోకి పోయే గాలిని చల్లబరిచేది), కండెన్సర్, రేడియేటర్. కొన్నిట్లో ఇంటర్‌కూలర్ పక్కకి ఉంటుంది. బయటి నుంచి గ్రిల్‌లోంచి చూస్తే మొదటిది మాత్రమే కనిపిస్తుంది, అది మెరుస్తూనే ఉంటుంది, ఎందుకంటే వాటర్ సర్వీసింగ్ చేసేవాడు దాన్నే కడుగుతాడు. చెత్తంతా కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య ఉన్న వేలెడు సందులో దిగుతుంది.

పోయిన ఏడాది ఒంగోలు నుంచి ఒక కారు నా షెడ్డుకి వచ్చింది. చీమకుర్తి వైపు రోజూ తిరిగే బండి. బంపర్ విప్పి, కండెన్సర్ బోల్టులు వదులు చేసి, పైపులు పీకకుండా కొద్దిగా ముందుకి వంచాం. రేడియేటర్ ముఖం మీద బూడిద రంగు దుప్పటి పరిచినట్టుంది. గ్రానైట్ దుమ్ము, దాని మీద వరి తాలు, సరివి ఆకులు, ఎండిపోయిన ఉసుళ్లు. వాన నీళ్లు పడ్డప్పుడల్లా తడిసి, ఇంజన్ వేడికి ఎండి, అట్ట కట్టింది. గోరుతో గీకితే ముక్కలుగా ఊడింది. కింద చాప పరిచి దులిపితే చేటెడు చెత్త. ఆ కుర్రాడు అప్పటికే కొత్త వాటర్ పంప్, కొత్త థర్మోస్టాట్, రెండు సెన్సర్లు మార్పించుకుని వచ్చాడు. ఆ చెత్త తీశాక ఇంకేమీ మార్చలేదు. మధ్యాహ్నం రెండింటికి ఏసీ వేసి షెడ్డు ముందు అరగంట నిలబెట్టాం, 101 దాటలేదు.

కడిగేటప్పుడు ఒక జాగ్రత్త. ప్రెషర్ గన్ దగ్గర పెట్టి కొడితే రేకులు, అదే ఫిన్స్, వంగిపోతాయి. వంగిన రేకుల్లోంచి గాలి పోదు, చెత్త ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే. మొక్కలకి నీళ్లు పట్టే పైపు చాలు. ఇంజన్ వైపు నుంచి ముందుకి నీళ్లు పోయాలి, వచ్చిన దారినే చెత్త బయటికి పోవాలి. మెత్తటి బ్రష్‌తో రేకుల వెంట నిలువుగా గీయాలి, అడ్డంగా గీయకూడదు. మైపాడు, కృష్ణపట్నం, కొత్తపట్నం వైపు ఎక్కువ తిరిగే బండైతే ఉప్పు గాలికి కండెన్సర్ రేకులు తెల్లగా పొడి రాలుతుంటాయి. రొయ్యల లారీల వెనక పోయినా అంతే, కారేదంతా ఉప్పు నీళ్లే. చేత్తో తాకితే రేకులు రాలుతుంటే ఇక కడగడం దండగ, మార్చడమే.

బంపర్ విప్పినప్పుడే ఇంకోటి చూడు. రేడియేటర్ చుట్టూ నల్ల స్పాంజి పట్టీలు, ప్లాస్టిక్ రేకులు ఉంటాయి. చాలా సెకండ్‌హ్యాండ్ బండ్లలో ఇవి ఉండవు. ఎప్పుడో ముందు చిన్న దెబ్బ తగిలి ఉంటుంది, బంపర్ మార్చి రంగు వేసినవాడు "ఇవెందుకులే" అని పక్కన పారేసి ఉంటాడు. గాలికి మనలాగే బద్ధకం. రేడియేటర్ సందుల్లోంచి దూరడం కంటే పక్కనున్న ఖాళీలోంచి జారిపోవడం దానికి సులువు. ఖాళీ వదిలితే గ్రిల్‌లోకి వచ్చిన గాలిలో చాలా భాగం రేడియేటర్ మొహం చూడకుండానే పోతుంది. ఇంకా ఘోరం, నిలబడ్డప్పుడు ఫ్యాన్ వదిలిన వేడి గాలి అదే సందులోంచి ముందుకొచ్చి మళ్లీ లోపలికి పోతుంది. కంపెనీ పట్టీలు దొరక్కపోతే వేడికి తట్టుకునే స్పాంజి షీటు తెచ్చి కోసి అతికించుకోవచ్చు, నేను చాలా బండ్లకి అదే చేశాను. ఇంజన్ కింద ఉండే ప్లాస్టిక్ ట్రే కూడా అంతే. గాలి ఆడుతుందని దాన్ని పీకేసేవాళ్లున్నారు. నిజానికి పరుగులో ఉన్నప్పుడు ఇంజన్ గదిలోంచి గాలిని కిందికి లాగే పనిలో దానికీ భాగం ఉంది. అది లేకపోతే రోడ్డు మీది గాలి కింద నుంచి దూరి, రేడియేటర్‌లోంచి రావాల్సిన గాలికి అడ్డం పడుతుంది.

ఇంజన్ వెనక ఉండే కార్లు కొన్న మిత్రులెవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. పోర్షే బాక్స్‌టర్ లాంటివాటిలో ఇంజన్ సీట్ల వెనక ఉన్నా రేడియేటర్లు ముందు బంపర్‌లో రెండు మూలల్లో, చక్రాల ముందు ఉంటాయి. నేలకి దగ్గర కదా, రాలిన ఆకులన్నీ వాటిలోకే. ఏడాదికోసారి బంపర్ తీసి చూడకపోతే ఆ ఆకులు తడిసి కుళ్లి అల్యూమినియాన్ని తినేస్తాయి.

ఇప్పుడు నీళ్ల సంగతి. బోరు నీళ్లు పోశాడని చదివి నాకు కడుపు తరుక్కుపోయింది. దారిలో వేరే గతి లేనప్పుడు తప్పు కాదు, నేనైనా అదే పోస్తాను. కానీ ఇంటికి రాగానే తీసేయాలి. కనిగిరి, పొదిలి వైపు నీళ్లంటే అందరూ ఫ్లోరైడ్ గురించి మాట్లాడతారు, అది పళ్లకీ ఎముకలకీ ముప్పు. రేడియేటర్‌కి శత్రువు నీళ్లలో ఉన్న సున్నం. మీ ఇంట్లో గీజర్ కాయిల్ మీద, నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పెంకు కడుతుంది చూడు, అదే పెంకు ఇంజన్ లోపల అన్నిటికంటే వేడిగా ఉండే చోట, అంటే సిలిండర్ హెడ్ చుట్టూ కడుతుంది. ఆ పెంకు వేడిని కూలెంట్‌లోకి దిగనివ్వదు. కూలెంట్ 95 చూపిస్తున్నా హెడ్ లోపల అంతకంటే చాలా ఎక్కువ కాలుతుంటుంది. రేడియేటర్ గొట్టాలైతే స్ట్రా కంటే సన్నగా ఉంటాయి, పూడుకుపోతే తెరవడం కష్టం.

కాబట్టి మొత్తం దింపించి, రెండుసార్లు డిస్టిల్డ్ వాటర్‌తో కడిగించి, కొత్త కూలెంట్ పోయించు. బ్యాటరీ షాపులో 5 లీటర్ల క్యాన్లు దొరుకుతాయి. కూలెంట్ రంగు చూసి కొనకు. పింక్, ఆకుపచ్చ, నీలం అనేది ఒక్కో కంపెనీ ఇష్టం. మాన్యువల్‌లో ఏ స్పెసిఫికేషన్ రాసి ఉందో అదే ఉన్న డబ్బా కొను, రెండు రకాలు కలపకు. కొన్ని రకాలు కలిస్తే జిగురులా తయారవుతాయి. మనకి మంచు గడ్డకట్టే బాధ లేదు. కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ కంటే ఉత్త నీళ్లే వేడిని బాగా మోస్తాయి. అందుకని మాన్యువల్ ఒప్పుకుంటే 40 పాళ్లు కూలెంట్, 60 పాళ్లు నీళ్లు కలుపుకోవచ్చు. అంతకంటే పలచన చేయొద్దు, తుప్పు పట్టకుండా కాపాడే మందు కూలెంట్‌లోనే ఉంది. ట్రాక్ మీద రేసు కార్లలో ఉత్త నీళ్లు పోస్తారు కదా అని నువ్వు అడగొచ్చు. అక్కడ దానికి పెద్ద కారణం వేరే. గ్లైకాల్ ట్రాక్ మీద కారితే నూనె పోసినట్టు జారుతుంది, వెనక వచ్చేవాడు గోడకి పోతాడు. పైగా రేసు ఇంజన్‌ని నాలుగు రోజులకోసారి విప్పుతారు, దానికి తుప్పు పట్టే తీరికెక్కడిది?

పోశాక గాలి తీయించడం మర్చిపోకు. ఇప్పటి టర్బో ఇంజన్లలో పైపులు వంకరటింకరగా ఉంటాయి. మూత తీసి పోసేస్తే మధ్యలో గాలి బుడగ ఉండిపోతుంది. సెన్సర్ ఆ బుడగలో పడితే అది చెప్పేదంతా అబద్ధం. వ్యాక్యూమ్‌తో నింపే పరికరం ఉన్న చోట చేయించు. పాత కూలెంట్‌ని కాలవలో పోయనివ్వకు. తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, దూడలు తాగుతాయి, చచ్చిపోతాయి.

మూత. దీన్నెవరూ పట్టించుకోరు. ఉత్త నీళ్లు 100 దగ్గర మరుగుతాయి, సగం కూలెంట్ కలిపితే 107 ప్రాంతంలో. మూత లోపలి స్ప్రింగు ప్రెషర్ ఆపి ఉంచుతుంది కాబట్టి 1.4 బార్ అని ముద్ర ఉన్న మూతైతే 130 దాటినా మరగదు. రబ్బరు ఎండిపోయిన మూత ప్రెషర్ పట్టదు, మళ్లీ 107కే వచ్చేస్తావు. ఒకసారి మరగడం మొదలైతే ఆవిరి హెడ్‌ని చల్లబరచలేదు. అల్యూమినియం హెడ్ వంకరపోవడానికి అట్టే సేపు పట్టదు, ఆపై ఖర్చు లక్షల్లో. మూతకి అయ్యేది వందల్లో. పదేళ్ల మూతని పరీక్ష చేయకుండానే మార్చేస్తాను నేను.

వేడి మీద మాత్రం దాన్ని ముట్టుకోకు. నా కుడి ముంజేతి మీద అరచేయంత మచ్చ ఉంది. పిట్‌లో పని నేర్చుకునే రోజుల్లో, గుడ్డ వేసి పట్టుకుంటే ఏమీ కాదనుకున్నాను. మూత పావు వంతు తిరిగిందో లేదో, చెయ్యి మీద ఎవరో పెనం పెట్టినట్టయింది. లోపల ఉన్నది నీళ్లే గానీ మూత వదులయ్యేసరికి ఒక్కసారిగా ఆవిరై లేచింది. మేస్త్రీ నన్ను తిట్టలేదు. నేరుగా డ్రమ్ము దగ్గరికి లాక్కెళ్లి మోచేతి దాకా నీళ్లలో ముంచి అరగంట కదలనివ్వలేదు. ఇంజన్ ఆపాక గంట ఆగు. పై గొట్టం నొక్కితే మెత్తగా ఉంటేనే మూత మీద చెయ్యి వెయ్యి.

థర్మోస్టాట్ మళ్లీ కొత్తది వేయించు. "మన ఎండకి ఇదెందుకు సార్, అడ్డం" అని పీకేయడం మన దగ్గర పాత లారీల కాలం నుంచి వస్తున్న అలవాటు. ఇప్పటి ఇంజన్లలో ఈ వాల్వు తెరుచుకునేటప్పుడే రెండో పక్క అడ్డదారిని మూస్తుంది. దాన్ని పీకేస్తే ఆ అడ్డదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కూలెంట్‌లో కొంత రేడియేటర్ వైపు పోకుండానే ఇంజన్‌లోకి తిరిగొస్తుంది. ఉదయం చల్లగా తిరిగి పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, మధ్యాహ్నం నీకు అవసరమైనప్పుడు ఎక్కువ వేడెక్కుతుంది.

డ్యాష్‌బోర్డు మీది ముల్లుని నమ్మకు. చాలా కార్లలో అది 75 నుంచి 105 దాకా సరిగ్గా మధ్యలోనే నిలబడేలా చేసి ఉంచారు, యజమాని టెన్షన్ పడకుండా. అది కదిలిందంటే అప్పటికే ఆలస్యమైంది. బండి కంప్యూటర్‌లోని అంకెలు చదివి ఫోన్‌కి పంపే ఓబీడీ అడాప్టర్ ఒకటి కొనుక్కో, 1,000, 1,500 రూపాయల్లో దొరుకుతుంది. స్టీరింగ్ కింద గుచ్చి ఫోన్‌లో చూసుకోవచ్చు. నడుస్తుంటే 90 నుంచి 100, ట్రాఫిక్‌లో 105 దాకా పోయి ఫ్యాన్ అందుకోగానే దిగుతుంటే హాయిగా పడుకో. 110 దాటి ఇంకా ఎక్కుతుంటే ఏసీ ఆపు. 115 దగ్గర పక్కకి తియ్యి. ఆయిల్ వేడి కూడా చూపిస్తే, 120 దాకా భయం లేదు, 130 దాటితే కాలు తీసెయ్. అదే తెర మీద ఇంజన్‌లోకి పోయే గాలి వేడి కూడా చూడు. ఎండలో అది 60, 65 ఎక్కితే ఇంజన్‌లో నాకింగ్ (పెట్రోల్ వేళ కాకుండా పేలడం) రాకుండా కంప్యూటరే స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగుతుంది, బండి బద్ధకంగా ఉన్నట్టు అనిపిస్తుంది. అది జబ్బు కాదు, తనని తాను కాపాడుకోవడం. పెట్రోల్ మూత లోపల 95 ఆక్టేన్ అని రాసి ఉంటే 95 ఉన్న పెట్రోలే కొట్టించు. తక్కువ ఆక్టేన్ పోస్తే టైమింగ్ ఇంకా వెనక్కి పోయి, ఆ వేడంతా టర్బో మీద పడుతుంది. మాన్యువల్ ఒప్పుకున్నవాటిలో 5డబ్ల్యు-40 ఫుల్ సింథటిక్ ఆయిల్ ఉంటే మన ఎండకి అది మంచిది. కంపెనీ 15 వేల కిలోమీటర్లకి మార్చమంటే నువ్వు 7 వేలకి మార్చు.

ఇక నువ్వు అడిగిన మార్పులు. పెద్ద రేడియేటర్ మంచిదే, ట్రాక్ మీద నిమిషాల తరబడి ఫుల్ రేస్‌లో తొక్కేవాడికి. నీ బండిలో ఫ్యాన్ గాలి లాగకపోతే ఎంత పెద్దది పెట్టినా అది టోల్ గేటు దగ్గర వేడెక్కే పెద్ద రేడియేటర్ అవుతుంది. పైగా మందం ఎక్కువైతే గాలి దూరడం ఇంకా కష్టం. బానెట్‌కి ఎక్కడ పడితే అక్కడ రంధ్రం కొట్టకూడదు. అద్దం దగ్గర బానెట్ వెనక అంచున పరుగులో గాలి ఒత్తిడి ఎక్కువ ఉంటుంది. బానెట్ వెనక వాషర్లు పెట్టి లేపితే వేడి బయటికి పోతుందని చాలామంది అనుకుంటారు. నిలబడ్డప్పుడు కొంచెం పోతుంది, పరుగులో బయటి గాలే లోపలికి దూరుతుంది. కోన్ ఫిల్టర్ (డబ్బా లేకుండా ఇంజన్ గదిలో బిగించే గాలి ఫిల్టర్) బిగించుకుని ఉంటే పీకెయ్. దాని చప్పుడు బాగుంటుంది గానీ అది పీల్చేది ఇంజన్ గదిలో మరిగే గాలి. ట్యూనింగ్ చేయించి ఉన్న బండి అయితే, బెంగళూరు ఓనర్‌ని అడిగి తెలుసుకో, ఎండాకాలం వరకైనా పాత సాఫ్ట్‌వేర్‌కి తిప్పించు. ఎక్కువ పవర్ అంటే ఎక్కువ వేడి, అది ఎక్కడికో పోవాలిగా.

ఇవన్నీ చేయించే లోపు మళ్లీ క్యూలో ఇరుక్కుని నంబర్ ఎక్కుతుంటే ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటర్ పూర్తి వేడిలో, బ్లోయర్ పూర్తి స్పీడులో పెట్టు. రోహిణి కార్తెలో హీటరా అంటావు. డ్యాష్‌బోర్డు వెనక ఉన్న హీటర్ కోర్ కూడా చిన్న రేడియేటరే. రెండు నిమిషాలు నరకం, కానీ నాలుగైదు డిగ్రీలు దించుతుంది, పక్కకి తీసుకునే దాకా చాలు. ఆవిరి కనపడినా, కూలెంట్ తక్కువ అని లైటు వెలిగినా ఆలోచించకుండా ఇంజన్ ఆపెయ్. లోపల కూలెంట్ లేనప్పుడు సెన్సర్ వేడిని సరిగ్గా చెప్పలేదు. బానెట్ తెరిచి దూరంగా నిలబడు. రేడియేటర్ మీద, ఇంజన్ మీద చల్లటి నీళ్లు పోయడానికి దాబావాడు బకెట్ పట్టుకుని పరిగెత్తుకొస్తాడు, పాపం మంచి మనసుతోనే. వద్దని చెప్పు. కాలుతున్న లోహం ఒక్కసారిగా చల్లబడితే పగులుతుంది. ఆ నీళ్లు నీ తల మీద పోసుకో.

గట్టిగా తోలి వచ్చినప్పుడు ఆఖరి రెండు కిలోమీటర్లు మెల్లగా పో, టర్బో చల్లబడుతుంది. ఆపాక కూడా ఫ్యాన్ ఐదారు నిమిషాలు తిరుగుతుంటే కంగారు పడి బ్యాటరీ వైరు పీకకు, అది దాని పని. చెట్టు నీడ కోసం మర్రి కిందో వేప కిందో పెడితే పెట్టుకో, కానీ బానెట్ సందుల్లో ఆకులు తీస్తుండు. ఒంగోలు పనుంటే తెల్లవారుజామున 5కి బయల్దేరు, 8 లోపు అక్కడుంటావు, సాయంత్రం 6 దాటాక తిరిగిరా. బండి కోసమని కాదు, ఆ టైర్ల కోసం, నీ కోసం.

పాత ఇంజన్ కాబట్టి ఇంకో అనుమానం తీర్చుకో. ఒకసారి ఎర్ర లైటు వెలిగిందన్నావు కదా, హెడ్ గ్యాస్కెట్ దెబ్బతిన్నదేమో చూపించు. కూలెంట్ ట్యాంకు మూత దగ్గర పెట్టే నీలం ద్రవం పరీక్ష ఉంటుంది. ఇంజన్ పొగ కూలెంట్‌లో కలుస్తుంటే అది పసుపు రంగుకి తిరుగుతుంది. నీలంగానే ఉంటే గండం గడిచినట్టు.

బంపర్ విప్పిన రోజు కండెన్సర్ వెనక ఫోటో ఒకటి తీసి పెట్టు. ఫ్యాన్ పూర్తి స్పీడు వస్తోందో లేదో, ఏసీ వేసి మధ్యాహ్నం అరగంట నిలబెడితే ఓబీడీలో ఎంత దాకా ఎక్కిందో కూడా రాయి. దాంతోపాటు బండి మోడల్, ఇంజన్ కోడ్ పెడితే ఆ ఫ్యాన్ మాడ్యూల్ చెన్నైలో ఎక్కడ దొరుకుతుందో అడిగి చెబుతాను.